మెటల్ డిటెక్టర్‌కు నడికట్టు

కొత్తగా పశువైద్యంలోకి వచ్చిన పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "మేడమ్, ఏ దిక్కు పోస్టింగ్ మంచిది?" అని. రెండోది, "ప్రమోషన్ ఎప్పుడొస్తుంది?" అని. నా భుజం ఎలా ఉందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగాల్సింది అదే తల్లీ! ఈ పనిలో ముందు అరిగేది చదువు కాదు, భుజం. చూలు పరీక్షలంటూ ఏళ్ల తరబడి ఆవుల్లో, బర్రెల్లో మోచేతి దాకా చెయ్యి పెట్టిన మనిషికి పొద్దున్నే లేచి జడ వేసుకోవాలంటే చెయ్యి పైకి రాదు. కాలేజీలో ఈ సంగతి చెప్పేవాళ్లు లేరు కాబట్టి నేను చెబుతున్నాను.

ప్రమోషన్లు, బదిలీలు, తనిఖీల గోల ఇందులో రాయను. ఒక మిషను గురించి, ఒక బర్రె గురించి, ఆ బర్రె యజమానురాలి గురించి రాస్తాను. అవి చాలు.

బీరువాలో మిషను

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు పశువుల దవాఖానలో చేరాను. బీరువా తెరిస్తే అందులో కొత్త మెటల్ డిటెక్టర్ ఒకటి ఉంది. అట్ట కూడా తీయలేదు.

పశువుల డాక్టరుకు మెటల్ డిటెక్టర్ ఎందుకని అడుగుతారేమో. బర్రెకు మనలాగా ఏరుకుని తినడం తెలియదు. గడ్డితోపాటు మేకు, తీగ ముక్క, సూది ఏదున్నా మింగేస్తుంది. అది పోయి బర్రెకున్న నాలుగు పొట్టల్లో రెండోదాంట్లో పడుతుంది. ఆ పొట్టకు ఆనుకునే ముందర గుండె. తీగ గుచ్చుకుంటూ ముందుకు జరిగిందంటే బర్రె మేత మానేస్తుంది, పాలు ఎగబెడుతుంది, ఆఖరుకు ప్రాణం పోగొట్టుకుంటుంది. లోపల ఇనుముందో లేదో పైనుంచి కనిపెట్టడానికే ఈ మిషను.

నాకంటే ముందు పనిచేసినవాళ్లు దీన్ని బయటికి తీయలేదని బాగా తిట్టుకున్నాను. ఒకరోజు మెడకు తగిలించుకుని మూడు ఊళ్లు తిరిగొచ్చాక తిట్టడం మానేశాను. టిఫిన్ క్యారియర్ అంత పెట్టె, దాన్నిండా బ్యాటరీలు, మెడకు సన్నటి బెల్టు. పెట్టె నుంచి ఒక వైరు, దాని చివర పొడుగాటి పిడి, పిడి చివర రొట్టెల పెనమంత పళ్లెం. ఆ పళ్లేన్ని బర్రె ఛాతీ కిందికి పెట్టాలంటే వంగాలి. వంగితే పెట్టె ఊగి బర్రె పక్కటెముకలకు కొడుతుంది. బర్రె ఊరుకుంటుందా? దీన్ని తయారు చేసినాయన బర్రెను చూసే ఉంటాడు గానీ బర్రె కింద వంగిన మనిషిని చూసి ఉండడు.

మా అటెండర్ జహంగీర్ పశువును పట్టడంలో ఎంత నేర్పరో మాటల్లో అంత గడుసు. "మేడమ్, గిది మిషన్ కాదు, అత్తగారి ముల్లె. మొయ్యనియ్యదు, దించనియ్యదు" అన్నాడు. ఆ సాయంత్రం నా భుజానికి తైలం రాసుకుంటూ నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఒకటి ఈ మిషను మారాలి, లేదంటే మళ్లీ బీరువాలోకి పోవాలి.

పైఆఫీసరును అడిగితే ఎగిరిపడ్డాడు. "ప్రభుత్వ ఆస్తమ్మా అది! ఒక్క స్క్రూ తిప్పినా నేను ఒప్పుకోను."

"స్క్రూ ముట్టుకోను సార్. బట్టలు తొడుగుతాను" అన్నాను.

ఆయన చెడ్డవాడేం కాదు. పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయం, అంతే. వాడకపోతే పాడవదు కదా! ఆ భయానికి ఎన్నో మంచి పనిముట్లు కొత్తగా మెరుస్తూనే ముసలివైపోతాయి. ఇలాంటి బాసుతో కొట్లాడకండి. ఆయన భయం ఎక్కడుందో చూసుకుని దాని పక్కనుంచి నడవండి.

మా తెలివి

జహంగీర్‌కు క్రాస్‌రోడ్డులో ఒక వెల్డర్ తెలుసు. పెట్టె వీపుకు ఆనేలా, పిడి బరువు భుజం మోసేలా ఒక చట్రం చేయిద్దామన్నాడు. నేనూ సరేనన్నాను. ఆ వెల్డర్ పనిమంతుడే, వంక పెట్టడానికి లేదు. సన్నటి రాడ్లతో ముచ్చటైన చట్రం చేసి, దానికి నీలం రంగు కూడా కొట్టాడు.

నేను దాన్ని తొడుక్కుని, పెట్టె బిగించి, మీట నొక్కాను. బర్రె లేదు, దూడ లేదు. కీ... మని ఒకటే కూత! పళ్లెం ఎటు తిప్పినా కూతే. దుకాణం ముందు చాయ్ తాగుతున్నవాళ్లంతా గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు.

వెల్డర్ మాత్రం గర్వంగా, "పదేండ్లయినా వంగదు మేడమ్, గ్యారంటీ" అన్నాడు.

"పదేండ్లు గిట్లనే ఒర్లుతది, గది గ్యారంటీ" అన్నాడు జహంగీర్.

ఇనుము వెతికే మిషనుకు ఇనుప చట్రం! ఇద్దరం అక్కడే కూర్చుని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాం. ఆ చట్రం ఇప్పటికీ జహంగీర్ వాళ్లింట్లో కోళ్లగంపకు ఆనుకుని ఉందట.

దారి దొరికింది మాత్రం ఎదురుచూడని చోట. మర్రిగూడ నుంచి వస్తుంటే రోడ్డు పక్కన ఒక గౌడాయన తాటిచెట్టు దిగుతున్నాడు. నడుముకు కట్టుకున్న ముత్తాదు పట్టీకి కల్లు కుండ, అదే లొట్టి, వేలాడుతోంది. చేతులు రెండూ ఖాళీ. జీపు ఆపించి దిగి, బరువు తెలియదా అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మెడకేసుకుంటే మనిషిని కిందికి గుంజుతది డాక్టరమ్మా. నడుముకేసుకుంటే మనతోని నడుస్తది" అన్నాడు. నేను లొట్టిని కాసేపు నా నడుముకు కట్టించుకుని అటూ ఇటూ నడిచాను. జహంగీర్ మాత్రం ఎవరైనా చూస్తారేమోనని రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

నల్లగొండ నుంచి పానగల్ పోయే తోవలో బండి సీట్లకు కవర్లు కుట్టే ఖాజా భాయి దుకాణం ఉండేది. ఆయనకు విషయమంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "బెల్టు బర్రెకా మేడమ్, మీకా?" అన్నాడు. నాకని తెలిశాక కొలత తీయడానికి మొహమాటపడి, టేపు నా చేతికిచ్చి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "మీరే పెట్టుకొని అంకె చెప్పుండ్రి. లారీ సీట్లకు కుట్టినోన్ని, మనిషి నడుముకు కుట్టుడు ఏం ఫికర్!" అన్నాడు.

వెడల్పాటి నడికట్టు కుట్టాడు. మంచాలకు అల్లే నవారు రెండు వరుసలు, మధ్యలో సీటు స్పాంజి, పైన రెక్సిన్. బకిల్సు ఇనుమువి వద్దని నేను ఒకటికి పదిసార్లు చెప్పాను. బడి సంచులకు వచ్చే ప్లాస్టిక్ క్లిప్పులు వేశాడు. పెట్టె నడుము వెనక, తుంటి ఎముక మీద కూర్చునేలా ఒక తిత్తి. ఇక పిడి సంగతి. ప్లాస్టిక్ పైపును నిలువునా సగానికి చీల్చి, లోపల గొంగడి ముక్క అంటించి, నా ముంజేతికి తొడుగులా చేశాడు. పిడి మధ్యలో పట్టుకోవడానికి బండి హ్యాండిల్‌కు వేసే రబ్బరు. దాంతో పళ్లెం బరువు మణికట్టు మీద కాకుండా ముంజేయి మొత్తం మీద పడింది.

దుకాణం ముందే తొడుక్కుని వంగాను, లేచాను, మళ్లీ వంగాను. బజారంతా వింతగా చూసింది. ఎవరేమనుకుంటే నాకేంటి? భుజం కిక్కురుమనలేదు. ఆ సంతోషంలో ఖాజా భాయికి రెండు చేతులా దండం పెట్టాను.

మీకు చెప్పేదొక్కటే. పనిముట్టు ఒంటికి సరిపోకపోతే ఒంటిని తిట్టుకోకండి. పొట్టిదాన్ని, ఆడదాన్ని, నాకు బలం చాలదు అని ఊరుకుని ఉంటే ఆ మిషను ఇప్పటికీ అట్టలోనే ఉండేది. కొన్నాళ్లకు ఆ పైఆఫీసరే ఫోన్ చేసి, "ఆ కుట్టాయన అడ్రస్ చెప్పమ్మా" అన్నాడు. చెప్పాను. మాట మాత్రం అనకుండా ఉంటానా? "బట్టలే కదా సార్" అన్నాను.

కూత వినగానే కత్తి తీయకండి

నడికట్టు వచ్చాక మిషను నా ఒంటి మీది నగలా తయారైంది. ఎక్కడికి పోయినా వెంటే. రోజూ వాడితేనే దాని గుణం, దోషం తెలుస్తాయి. మొదట తెలిసింది ఏమిటంటే, కూత అంటే రోగం కాదు. ఊరి పశువుల్లో చాలావాటి పొట్టలో ఏదో ఒక మేకు పడి ఉంటుంది. గుచ్చుకోనంతవరకు దాని పాటికది ఉంటుంది. తర్వాత నేను ఆత్మకూరు దిక్కు పనిచేసినప్పుడు ఒక కుర్ర డాక్టరు ఎద్దు దగ్గర కూత వినగానే ఆపరేషన్‌కు సిద్ధమయ్యాడు. కాలు ఎత్తి చూడరా నాయనా అంటే, ఎద్దును బాధపెడుతున్నది గిట్టల మధ్య తుమ్మముల్లు! మిషను చెవి లాంటిది, అది వింటుంది అంతే. నొప్పి ఎక్కడుందో చెప్పాల్సింది మీ చెయ్యే.

నర్సమ్మ బర్రె

ఇక అసలు సంగతి. మర్రిగూడ నీళ్ల గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషులు ఇంటింటా ఉండేవాళ్లు. పశువులకూ అంతే, కీళ్లు బిగుసుకుని కర్రల్లా నడిచేవి. దాన్ని అక్కడ "నీళ్ల రోగం" అంటారు. నేను పనిచేసే రోజుల్లోనే ఇళ్లకు నల్లా నీళ్లు రావడం మొదలైంది. పిల్లలు నిటారుగా పెరుగుతున్నారని తల్లులు మురిసిపోయేవాళ్లు. అయితే ఆ ఊళ్లకు ఒక పాత అలవాటు ఉండిపోయింది. ఏ నొప్పి వచ్చినా, ఎవరికి వచ్చినా, నీళ్ల రోగమే అనుకోవడం. అనుకున్నాక ఇక దవాఖాన లేదు, మందు లేదు.

గొర్రెలకు నట్టల మందు, అంటే కడుపులో పురుగులు పోయే మందు, తాగించడానికి గుట్ట మీది ఒక చిన్న పల్లెకు పోయాం. వానకు తోవ కోసుకుపోయి జీపు ఎక్కదు. పత్తి చేల నడుమ నుంచి కాలినడకన ఎక్కాలి. ఆ రోజు మిషనుతో పనే లేదు. పాత బెల్టయితే జీపులోనే వదిలేసేదాన్ని. నడుముకుంటే బరువు తెలియదు కదా అని కట్టుకునే నడిచాను.

పల్లెలో ఒక ఇంటి ముందు నల్లటి మంచి బర్రె. ముందుకాళ్లు అరుగు మెట్టు మీద పెట్టి, వెనకకాళ్లు కింద పెట్టి నిలబడింది. మోచేతులు రెక్కల్లా బయటికి విప్పుకుంది. డొక్కలు పీక్కుపోయాయి. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పొట్టలో తీగ గుచ్చుకున్న పశువు బరువు వెనక్కి పడాలని ఇలాగే నిలబడుతుంది.

ఇంటామె నర్సమ్మ. అరవై దాటి ఉంటాయి, నడుము బాగా వంగిపోయింది, తలెత్తి నా మొహం చూడాలంటే పక్కకు తిరిగి చూడాలి. మొగుడు లేడు. కోడలు పత్తి ఏరను పోయింది. ఆ బర్రె పాలే ఆ ఇంటి ఆధారం.

"ఈనినప్పటి సంది గిట్లనే ఉన్నది. నీళ్ల రోగం. రేపు బేరగాడు వస్తడు, పట్టుకపొమ్మన్న" అంది.

"నీళ్ల రోగమని ఎవరు చెప్పారు?"

"చెప్పుడేంది డాక్టరమ్మా? నాకు లేదా? మా ఇంటాయనకు లేకుండెనా? మాకు నల్లా నీళ్లు వచ్చినయ్ గని దానికి రాలే గద. బోరు నీళ్లే తాగుతది. మాకున్నదే దానికొచ్చింది."

నాకు కోపం వచ్చింది. "చెయ్యి పెట్టకుండా రోగం పేరు పెట్టడానికి డాక్టరువు నువ్వా, నేనా?" అన్నాను. నోరు నాది, ఎప్పుడూ ఇంతే. నర్సమ్మ మొహం తిప్పుకుంది. జహంగీర్ సర్దాడు. "అవ్వా, జర చూడనియ్యి. చూస్తే ఏమన్న అరుగుతదా? నీ బర్రె నీ కాడనే ఉంటది."

బర్రె వీపు మీద, మెడ మొదట్లో చర్మాన్ని గట్టిగా పట్టి నొక్కాను. బాగున్న పశువయితే వీపు కిందికి వంచుతుంది. ఇది వంచలేదు, "మ్మ్..." అని మూలిగింది. మనిషి మూలిగినట్టే. మెడకున్న గొలుసు, గంట తీసేయించాను. కాళ్లకు కడియాలున్నాయని నర్సమ్మను దూరం జరగమన్నాను. ముందు కుడివైపు పళ్లెం పెట్టాను, చప్పుడు లేదు. ఎడమవైపు మోచేతి వెనక్కి తెచ్చేసరికి కూత!

"ఓయమ్మ! గదేంది ఒర్లుతున్నది?"

"నీళ్ల రోగమైతే మిషను అరవదు నర్సమ్మా. లోపల ఇనుముంది. అది గుచ్చుకుంటోంది. తీస్తే బతుకుతుంది."

ముందుగా పొట్టలోకి అయస్కాంతం మింగించి, ఇంజక్షన్లు చేసి, కోతకు కొనే ఆ బేరగాణ్ణి ఆపమని చెప్పి దిగాం. ఒక్కోసారి దానికే తీగ వెనక్కి వస్తుంది. ఈసారి రాలేదు. మూడు రోజులాగి మళ్లీ ఎక్కేసరికి బర్రె మేత ముట్టడం పూర్తిగా మానేసింది. బేరగాడు కూడా వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"కోస్తే సచ్చిపోతే?" అంది నర్సమ్మ.

"చావొచ్చు. అబద్ధం చెప్పను. కోయకపోతే మాత్రం తప్పకుండా చస్తుంది."

"బేరగానికిస్తే?"

"నీ కళ్లముందు చావదు. అంతే తేడా."

నర్సమ్మ బర్రె దగ్గరికి పోయింది. దాని మెడ నిమురుతూ నిలబడింది. "పాలు తాగే దుడ్డెప్పటి సంది సాదిన" అని తనలో తనే అనుకుంది. తర్వాత బేరగాడి వైపు తిరిగి, "నువ్వు పో బిడ్డా. చాయ్ తాగి పో" అంది.

ఆ వాకిట్లోనే చేశాం. ఎడమ డొక్క మీది వెంట్రుకలు గీసి, మత్తు సూదులు వేసి, బర్రె నిలబడి ఉండగానే కోశాను. జహంగీర్ తల పట్టుకుని దానితో ముచ్చట్లు చెబుతూనే ఉన్నాడు. చెయ్యి భుజం దాకా లోపలికి పోయింది. ముందుకు, కిందికి, రెండో పొట్ట గోడలు తడుముతున్నాను. ఆ రోజు భుజం నన్ను మోసం చేయలేదు. మెడ మీద పెట్టె మోసుకుంటూ గుట్ట ఎక్కి ఉంటే ఆ చెయ్యి అంతసేపు ఆగేది కాదు, ఒట్టు. వేలికి సన్నగా, గట్టిగా ఏదో తగిలింది. మెల్లగా కదిపి వెనక్కి లాగాను. స్లాబు చువ్వలు కట్టే బైండింగ్ వైరు ముక్క. ఊళ్లో కొత్త ఇళ్లు లేస్తున్నాయి కదా, ఆ తీగలు గడ్డిలో పడతాయి.

నర్సమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, తిట్లు లంకించుకుంది. "నీ పాడె గట్ట! నువ్వా? నువ్వు లోపల కూసుంటే నేను నీళ్లను తిట్టుకుంటున్ననా!" జహంగీర్ నవ్వు ఆపుకోలేక తల అటు తిప్పుకున్నాడు. నాకైతే ఆ తిట్లు పాటలా వినిపించాయి.

నేను చెయ్యి కడుక్కుంటుంటే నర్సమ్మ నీళ్లు పోయబోయింది. చెంబు ఆమె వేళ్లల్లోంచి జారి కింద పడింది. "వేళ్లు మొద్దుబారినయ్ తల్లీ. పాలు గూడ కోడలే పిండుతది" అని తీసుకుని మళ్లీ పోసింది. అప్పుడు నా ధ్యాసంతా కుట్ల మీదే ఉంది.

ఆమె అడిగింది

కుట్లు విప్పడానికి పోయేసరికి బర్రె గుట్ట మీద మేసి తనంతట తాను దిగి వస్తోంది. లోపల తీగ ఉన్న పశువు దిగడానికి జంకే ఆ దిగుడు తోవలో ఎక్కడా ఆగలేదు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. చూడటానికి పల్లె సగం అక్కడే ఉంది. పని అయ్యాక నర్సమ్మ నా నడుముకున్న మిషను వైపు చూస్తూ చేతులు చాపి, "డాక్టరమ్మా, గా పళ్లెం జర నా చేతులకు గూడ పెట్టి సూడరాదు" అంది.

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. చాపిన చేతులు చాపినట్టే ఉంచింది.

మిషను విప్పి పక్కన పెట్టి, ఆ చేతులు పట్టుకున్నాను. చిటికెన వేలు బాగానే ఉందట. బొటనవేలు, దాని పక్కవి రెండూ తిమ్మిరి. రాత్రి నిద్రలో లేచి చేతులు విదిలించుకుంటుందట. మణికట్టు మీద వేలితో తట్టితే, "కరెంటు కొట్టినట్టున్నది" అని వెనక్కి లాక్కుంది. నేను మనుషుల డాక్టర్‌ను కాను. కానీ ఇది ఎముకల బాధ కాదు, నరం బాధ అని నాకే అనుమానం వచ్చింది.

"దవాఖానలో చూపించలేదా?"

"ఎన్నిసార్లు పోలేదు! ఏ ఊరంటరు. మర్రిగూడ దిక్కు అంటె నీళ్ల రోగం అంటరు. చెయ్యి చాపకముందే అయిపోతది."

మర్నాడు నా వెంటే నల్లగొండ తీసుకుపోయాను. పెద్ద దవాఖానలో ఎముకల డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. "బాబూ, ఊరి పేరు తర్వాత అడుగు. ముందు చెయ్యి చూడు" అన్నాను. చూశాడు. పరీక్ష చేయించాడు. నడుము మాత్రం నీళ్ల వల్లేనని, అది ఇక తిరిగి రాదని ఉన్నమాట చెప్పాడు. చేతులది వేరే సంగతి. మణికట్టు దగ్గర నరం ఒత్తుకుపోయింది. ఏళ్ల తరబడి పాలు పిండిన చేతులకు అలా వస్తుందట. చిన్న ఆపరేషన్ చేశారు, ముందు కుడిచేతికి, అది మానాక ఎడమచేతికి.

చలి ముదిరాక ఆ పల్లెకు మళ్లీ పోయాను. నర్సమ్మ బర్రె పొదుగు దగ్గర కూర్చుని ఉంది. నడుము ఎలా ఉండేదో అలాగే ఉంది. మోకాళ్ల నడుమ గిన్నెలో పాలు నురుగు కడుతున్నాయి. నన్ను చూసి కూడా పిండటం ఆపలేదు.

"నడుమును నీళ్లు పట్టుకపోయినయ్ డాక్టరమ్మా" అంది. "చేతులు నాయి నాకే ఉండె. ఎవ్వలు పట్టి సూడకపోయిరి."